ఎన్నడూ తాగనోని కాయితం

సోమవారం పొద్దున బడి వ్యాను హారన్ మోగలేదు.

మామూలుగా యూసుఫ్ భాయ్ హారన్ కొడితే తప్ప క్రాంతి కుమార్ ఇంట్లో ఎవరికీ తొందర పుట్టదు. ఆ హారన్ విన్నాకే బిడ్డ సహస్ర రెండో బూటు వెతుకుతుంది, భార్య వసంత టిఫిన్ డబ్బా మూత వెతుకుతుంది, క్రాంతి కళ్ళద్దాలు వెతుకుతాడు. ఆ రోజు బూటూ దొరికింది, మూతా దొరికింది, అద్దాలూ దొరికాయి. హారనే దొరకలేదు.

"ఏందే, యూసుఫ్ భాయ్ ఇంక రాలే?"

వసంత తన చేతిలో ఉన్న ఫోను అతని ముందు పెట్టింది. "ఇగ రాడు. బడి గ్రూపుల చూడు."

క్రాంతి చూశాడు. చూడగానే అతనికి కనిపించింది నారింజ రంగు. నల్లమల కొండ వెనక పొద్దు పొడుస్తున్నట్టుగా కింద ముదురుగా, పైకి పోను పోను లేతగా, మధ్యలో గుండ్రటి అక్షరాల్లో 'వేకువ - వ్యసన విముక్తి కేంద్రం, నాగర్‌కర్నూల్'. అబ్బ, చిన్న తెర మీద గూడ ఎంత సక్కగ వచ్చింది అనుకున్నాడు. తన చేతి పని అది. ఆ మురిపెం పూర్తిగా మింగకముందే కింద ముఖం కనిపించింది.

తెల్ల చొక్కా. చెమ్మగిల్లిన కళ్ళు. చేతి కింద స్టీరింగు. పక్కన అక్షరాలు: 'యాదగిరి, డ్రైవర్, పెబ్బేరు. పొద్దున లేస్తే సీసా పట్టేవాడిని. స్టీరింగు పట్టినా చెయ్యి వణికేది. వేకువ నాకు మళ్ళీ జన్మనిచ్చింది.'

దాని కింద తల్లిదండ్రుల మాటలు చీమల బారులా సాగుతున్నాయి. ఈయన మన వ్యాను యూసుఫే కదా? అవును ఆయనే, పేరు మార్చుకొని పోయి చేరిండంట. ఇన్నొద్దులు మన పిల్లలు తాగుబోతు బండిల పోయిండ్రా? చెయ్యి వణికేదని ఆయన నోటితోనే చెప్తుండు చూడుండ్రి.

"సోడా బుడ్డి కొట్టినా చెవులు మూసుకునే మనిషి," అంది వసంత. "ఆయన తాగుడేంది? గీ సెంటర్ సైటు నువ్వు చేసిందే కదా?"

"డిజైనే నాది. ఫోటోలు వాళ్ళే ఇస్తరు."

వసంత అతని ముఖం వైపు చూసింది. "నా పండ్ల ఫోటో గూడ వాళ్ళే ఇచ్చిండ్రా?"

వనపర్తిలో ఒక పండ్ల దవాఖాన ఉంది. దాని వెబ్‌సైటులో పుదీనా రంగు గోడ ముందు నిలబడి, 'పంటి నరం తీసినా నొప్పే తెలియలేదు' అని నవ్వే సరోజ అనే ఆమె వసంతే. వసంత పండ్లకు ఇన్నేళ్ళలో ఏ డాక్టరూ చెయ్యి పెట్టలేదు. ఆ నవ్వు పెళ్ళిరోజున మేడ మీద క్రాంతి తీసిన ఫోటోలోది.

క్రాంతి బిడ్డ సంచీ భుజాన వేసుకుని బండి తాళం కోసం వెతకసాగాడు. తాళం చేతిలోనే ఉంది.

గద్వాలలో నేసేవాళ్ళకు కొదవ లేదు. క్రాంతి కూడా నేస్తాడు. వాళ్ళు నేసేది చీరలు, ఇతను నేసేది సాలెగూళ్ళు, అంటే వెబ్‌సైట్లు. కొత్త బస్టాండు ఎదురు సందులో ఎరువుల దుకాణం మీది గది అతనిది. "సైట్లంట, గజం ఎంత అన్నా?" అని మెట్లెక్కి వచ్చినవాళ్ళు కూడా అక్కడ చాయ్ తాగి, "బ్లాగుంటేనే బాగుంటవ్" అనే అతని మంత్రం విని, తమ పేరు మీద ఒక బ్లాగు పెట్టించుకుని దిగేవాళ్ళు. అయిజ విత్తనాల కంపెనీకి మొలక ఆకుపచ్చ, చీరల దుకాణానికి కుంకుమ రంగు మీద జరీ గీత, కల్వకుర్తి ఫంక్షన్ హాలుకు మెహందీ రంగు. పేరులో క్రాంతి ఉంది గానీ, అతను లోకానికి తెచ్చిందల్లా కాంతి. ఎంత చీకటి ఫోటో ఇచ్చినా మౌసుతో మీట జరిపి వెలుగు పోస్తాడు.

మిగతా డిజైనర్లు ఇంటర్నెట్టులో దొరికే తెల్లోళ్ళ ఫోటోలు అతికిస్తారు. క్రాంతికి అది అసహ్యం. "పత్తి చేన్ల దొరసాని నవ్వుడేందన్నా? మన సైటుల మన ముఖముండాలె" అని చెప్పి బేరం కుదుర్చుకుంటాడు. కంప్యూటరులో 'మనోళ్ళు' అని ఒక ఫోల్డర్ పెట్టుకున్నాడు. జాతరలో, సంతలో, బస్టాండులో, చుట్టాల పెళ్ళిళ్ళలో తీసిన ముఖాలన్నీ అందులో ఉంటాయి. ఏ సైటుకు ఏ ముఖం కావాలంటే ఆ ముఖం. ప్రతి సైటు అడుగునా 'నిజమైన ముఖాలు, నిజమైన మాటలు' అని చిన్న ముద్ర వేస్తాడు. ముఖాలు నిజమైనవే. మాటలు కూడా నిజంగా అతనే రాసేవాడు.

ఆ ఉదయం గదికి వచ్చి కుర్చీలో కూచుంటే ఆ పేజీ తయారైన రోజు గుర్తొచ్చింది.

వేకువ కేంద్రం నడిపే మహేందర్ మొదటిసారి ఈ గదికి వచ్చినప్పుడు, "బ్రాంది మాన్పేటోళ్ళకు బ్రాండింగ్! మంచి గిరాకీ దొరికింది పో" అని క్రాంతి జోకు వేశాడు. మహేందర్ కుర్చీ విరిగేటట్టు నవ్వాడు. నవ్వి, "బాగైనోళ్ళ పేజీ ఒకటి కావాలె. కేంద్రం ఇప్పుడే తెరిస్తిమి. ఇంకెవ్వలు బాగు కాలే. నువ్వే జర చూడు" అన్నాడు. క్రాంతి చూశాడు. యూసుఫ్ కొత్త వ్యాను కొన్న రోజు బానెట్ మీద మల్లెపూల దండ వేసి, లోపల కూచుని, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని నవ్విన ఫోటో ఉంది. మళ్ళీ పుట్టిన మనిషి ముఖం అంటే అట్లాగే ఉంటుంది మరి. ఫోటోలో స్టీరింగు ఉంది కాబట్టి డ్రైవర్ అని రాశాడు. డ్రైవర్ కాబట్టి చెయ్యి వణికిందని రాశాడు. తెల్ల టోపీ ఉంటే పేరుకు కుదరదని పైనుంచి కత్తిరించాడు. అట్లా యూసుఫ్ తల మీది టోపీ తీసి చూసేవాళ్ళందరికీ పెట్టాడు. ఈ మాట అప్పుడే తనకు తట్టిందనీ, తట్టినందుకు తనలో తాను నవ్వుకున్నాడనీ గుర్తొచ్చి ఇప్పుడు చెవులు కాలాయి.

పేజీ తీసేశాడు. తీయడానికి ఒక్క మీట చాలు. గ్రూపులో మాత్రం ఆ బొమ్మ ఫోను నుంచి ఫోనుకు దూకుతూనే ఉంది. కేంద్రంవాళ్ళు దాన్ని ఫేస్‌బుక్కు ప్రకటనగా గద్వాల ఫోన్లన్నింటికీ పంపించారు మరి.

మధ్యాహ్నం సహస్రను తీసుకురావడానికి బడికి వెళ్తే, గేటు దగ్గరే ప్రిన్సిపాల్ ధనలక్ష్మి మేడం ఆపింది.

"క్రాంతి గారూ, యూసుఫ్ మీ గల్లీ పక్కనే ఉంటడు కదా. మీకు తెల్వకుండ ఉండది. ఎట్లాంటోడు?"

చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది. గేటు అవతల ఇద్దరు తల్లులు చెవులు ఇటు పెట్టి నిలబడ్డారు. వాళ్ళలో ఒకామె భర్తదే విత్తనాల కంపెనీ. ఆ కంపెనీ సైటులో 'ఎకరానికి దిగుబడి రెట్టింపైంది' అంటున్న రైతు క్రాంతి సొంత మామ. ఆయనకు పొలమే లేదు.

"చూడ్డానికి మంచోడే మేడం," అన్నాడు.

"చూడ్డానికి అందరు మంచోళ్ళే." మేడం నిట్టూర్చింది. "పిల్లల పానాలు. నేను మాట పడాలె. ఆ సెంటర్ నుంచి ఏదన్న కాయితం తెచ్చుకోమన్న. శనివారం తల్లిదండ్రుల మీటింగు పెట్టినం. కాయితం లేకపోతే వేరే బండి చూసుకుంటం."

సాయంత్రం కోట వెనక గల్లీలోకి వెళ్ళాడు. చెప్పేయాలనే వెళ్ళాడు. పసుపు వ్యాను ఇంటి ముందే ఉంది. యూసుఫ్ లోపల సీట్ల మధ్య వంగి పిల్లలు పారేసిన పెన్సిల్ చెక్కు, చాక్లెట్ కాగితాలు ఏరుతున్నాడు. నడవని బండిని ఇంత శుభ్రంగా తుడిచే మనిషిని క్రాంతి ఎన్నడూ చూడలేదు.

"అరె, క్రాంతి సార్! రాండ్రి, రాండ్రి." యూసుఫ్ గుడ్డ భుజాన వేసుకుని దిగాడు. "హుసేన్‌బీ, సార్‌కు చాయ్ తే. ఇయ్యాల పాపను మీరే తోలినట్టున్నరు. మాఫ్ చెయ్యిండ్రి సార్. పొద్దున బండి బైటికి తీసిన, మేడం ఫోన్ చేసి వద్దన్నది."

హుసేన్‌బీ చాయ్ ఇచ్చింది. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. "మసీదు జమాతోళ్ళు గూడ అడిగిండ్రన్నా," అంది కప్పు చేతికిస్తూ. "ఇంటికొచ్చి అడిగిండ్రు. గీ వయసుల."

యూసుఫ్ పక్క మెట్టు మీద కూచున్నాడు. "సార్, మీరు దేవుని లెక్క వచ్చిండ్రు. మీది కంప్యూటర్ పనే కదా. ఈ ఫోటో ఎవడు ఎక్కించిండో కనుక్కోవచ్చా? గీ చొక్కా బండి కొన్ననాటిది. ఆనాడు మీరే కదా తీసిండ్రు. నాకు పంపితే నేను స్టేటస్ పెట్టుకున్న. ఆడికెళ్ళి ఎవడో కొట్టేసిండు. వాడు దొరికితే కొట్టను, తిట్టను. మేడం ముంగట వచ్చి ఒక్క మాట చెప్పమంట. గంతే."

చాయ్ మీద మీగడ కట్టింది. క్రాంతి దాన్ని వేలితో పక్కకు జరిపాడు. మళ్ళీ జరిపాడు.

"చూస్త భాయ్," అన్నాడు.

"జర చూడుండ్రి సార్. పిల్లలు యాదికొస్తున్నరు. మీ సహస్ర ముంగట సీటే కావాలంటది, తెలుసా? కిటికీ దగ్గరైతే నిద్రపోతనని."

క్రాంతి చాయ్ మొత్తం తాగాడు. రుచి తెలియలేదు గానీ తాగాడు.

బుధవారం అతను నాగర్‌కర్నూల్ బయలుదేరాడు. మహేందర్‌ను పట్టుకుని, 'ఆ ఫోటో పొరపాటున పడింది, ఈ మనిషి మా దగ్గరికి ఎన్నడూ రాలేదు' అని రాయించుకు వస్తే తన పేరు బయటికి రాకుండానే పని అవుతుందని లెక్క వేసుకున్నాడు. పెబ్బేరు దాటేదాకా లెక్క బాగానే ఉంది. వనపర్తి దగ్గరపడే కొద్దీ తేడా వచ్చింది. పొరపాటున పడింది అంటే ఎవరి పొరపాటు? మిగతా బాగైనోళ్ళు ఎవరు? ఒక్కరి మాట అబద్ధమని మహేందర్ సంతకం పెడితే ఆ ముద్ర కింద ఉన్న సైట్లన్నీ కూలవా? నిజమైన ముఖాలని ఇన్నేళ్ళు చెప్పుకున్నాక, ఆ ముఖం పెట్టుకుని గద్వాలలో ఏ మెట్టెక్కుతాడు?

వనపర్తి బస్టాండులో దిగాడు. నాగర్‌కర్నూల్ బస్సు ఎదురుగా నిలబడే ఉంది. ప్లాట్‌ఫారం చివర వసంత నవ్వుతోంది. పండ్ల దవాఖానవాళ్ళు సైటులోని బొమ్మనే పెద్దది చేసి బోర్డు కట్టించారు. ఆ పండ్ల కింద నిలబడి క్రాంతి ఒక చాయ్ తాగాడు, ఇంకొకటి తాగాడు. తర్వాత గద్వాల బస్సెక్కి కిటికీ పక్కన కూచున్నాడు.

బస్సు కదలబోతుండగా యూసుఫ్ కనిపించాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తెల్ల టోపీ, చంకలో ప్లాస్టిక్ కవరు. "నాగర్‌కర్నూల్ ఇదేనా అన్నా?" అని కండక్టరును అడుగుతున్నాడు. బతుకంతా స్టీరింగు పట్టిన మనిషి, ఫుట్‌బోర్డు కడ్డీ పట్టుకుని ఎక్కడానికి తడబడ్డాడు.

క్రాంతి చేతిలోని పేపరు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అది తలకిందులుగా ఉందని పక్కాయన చెప్పేదాకా తెలియలేదు.

శనివారం మీటింగుకు అతను ఒక మాట తయారు చేసుకుని పోయాడు. మూడు రోజులు నోట్లో నానబెట్టిన మాట. "ఆ ఫోటో పెట్టింది నేను. ఆ మాటలు రాసింది నేను. యూసుఫ్ భాయ్ ఎన్నడూ తాగలేదు." పొద్దున స్నానాల గదిలో నాలుగుసార్లు అనుకున్నాడు. శ్లేష లేదు, చమత్కారం లేదు, ప్రాస లేదు. అతని నోట అట్లాంటి మాట రావడం అదే మొదలు. పోయే ముందు వసంతకు చెప్పాడు. ఆమె, "మంచిది. చెప్పి రా," అని మాత్రం అంది. చొక్కా కాలరు సర్దింది.

రెండో తరగతి గదిలో మీటింగు. తల్లిదండ్రులంతా పిల్లల బెంచీల మీద మోకాళ్ళు గడ్డాలకు ఆనించుకుని కూచున్నారు. యూసుఫ్ నల్లబల్ల పక్కన నిలబడ్డాడు. ధనలక్ష్మి మేడం కళ్ళద్దాలు సర్దుకుంది.

"యూసుఫ్ కాయితం తెచ్చిండు. చదువుతున్న, వినుండ్రి. 'గద్వాల వాస్తవ్యుడైన యూసుఫ్ అను వ్యక్తి మా వేకువ కేంద్రంలో చికిత్స పూర్తి చేసుకొని, మద్యపాన వ్యసనం నుండి పూర్తిగా విముక్తుడైనాడని ధ్రువీకరించడమైనది. ఇతడు వాహనం నడుపుటకు తగినవాడు.' డాక్టర్ సంతకం ఉంది, ముద్ర ఉంది."

కాయితం పై అంచున నల్లమల మీద పొద్దు పొడుస్తోంది. ఆ లెటర్‌హెడ్ కూడా క్రాంతి గీసిందే.

విత్తనాల కంపెనీ ఆయన లేచాడు. "తాగుడు మానుడంటే మాటలు కాదు. మా అన్నతోని కాలే. మారినోణ్ణి మనం మెచ్చుకోవాలె." అని తనే చప్పట్లు మొదలు పెట్టాడు. గది మొత్తం చప్పట్లు కొట్టింది. ఎన్నడూ తాగని మనిషి, మానేసినందుకు తల వంచుకుని చప్పట్లు అందుకున్నాడు.

క్రాంతి లేచి నిలబడ్డాడు. మోకాలు బెంచీకి తగిలి చప్పుడైంది. "మేడం, నాదొక మాట."

యూసుఫ్ తల ఎత్తాడు. అతని కుడి చెయ్యి నడుము దగ్గర నుంచి కొంచెం లేచింది, అరచెయ్యి ఇటు తిరిగింది. వ్యాను దిగిన పిల్లలను, రోడ్డు మీద లారీ పోయేదాకా ఆపే చెయ్యి అది. సహస్ర ఆ చెయ్యి చూసి రోజూ ఆగుతుంది.

"చెప్పుండ్రి క్రాంతి గారూ," అంది మేడం.

అందరూ చూస్తున్నారు. క్రాంతి ఆ అరచెయ్యి వైపే చూశాడు.

"ఏం లేదు మేడం," అన్నాడు. "ఇంకొక్కసారి చప్పట్లు కొడదామని."

కొట్టారు.

అంతా పోయాక గేటు బయట వ్యాను దగ్గర యూసుఫ్ అతని కోసం ఆగాడు. కోపం లేదు ముఖంలో. ఉంటే బాగుండేది.

"మీరేం చెప్పబోయిండ్రో నాకెరికే సార్. మహేందర్ సార్ చెప్పిండు. 'ఎందుకు పరేషానైతవ్, పెట్టింది మీ ఊరి క్రాంతే, మనోడే' అన్నడు."

క్రాంతి నేల చూశాడు.

"ఎన్నడు తాగలేదని రాసియ్యమని కాళ్ళు పట్టుకున్న సార్. 'తాగనోళ్ళ లెక్క మా దగ్గరుండది, మానినోళ్ళదే ఉంటది' అన్నడు. నేను ఆలోచన చేసిన. తాగనోనికి కాయితం ఏ దవాఖానల ఇస్తరు? ఎవ్వలియ్యరు. మానేసిండు అంటే ఇస్తరు. ఇంటికాడ బండి కిస్తీలకు బ్యాంకోళ్ళ ఫోన్లు. బండి నడవాలె కదా. తీస్కున్న."

"నేనిప్పుడు లోపలికి పోయి చెప్త భాయ్. ఇప్పుడే."

"ఏమని? ఫోటో అబద్ధమంటే, నా చేతిల కాయితం గూడ అబద్ధమైతది. తాగుబోతునైనా మాఫ్ చేసిండ్రు. దొంగ కాయితం తెచ్చినోణ్ణి చెయ్యరు." యూసుఫ్ వ్యాను తలుపు తెరిచాడు, మళ్ళీ మూశాడు. "సోమవారం మీరు నా ఇంట్ల చాయ్ తాగిండ్రు సార్. ఆనాడు ఒక్క మాట చెప్పుంటే, ఈ కాయితం తోని పనే లేకపోవు."

పోయే ముందు యూసుఫ్, అలవాటు చొప్పున, "ఉంట సార్," అన్నాడు.

సోమవారం పొద్దున హారన్ మోగింది. సహస్ర రెండో బూటు చేత్తో పట్టుకుని ఉరికింది. క్రాంతి బండి మీద వ్యాను వెనకే పోయాడు. ఎందుకు పోతున్నాడో తనకే తెలియదు.

బడి గేటు దగ్గర వ్యాను ఆగింది. పిల్లలు దిగకముందే వాచ్‌మన్ బాలన్న కర్ర చంకన పెట్టుకుని డ్రైవర్ కిటికీ దగ్గరికి వచ్చాడు. నిన్నటి కల్లు వాసన ఇంకా అతన్ని వదిలినట్టు లేదు, రెండు బారల దూరానికి గుప్పుమంటోంది.

"మేడం చెప్పింది యూసుఫూ. ఏమనుకోకు. దినాం చూడాలంట."

యూసుఫ్ కిటికీలోంచి తల బయటికి పెట్టి, కళ్ళు మూసుకుని, నోరు తెరిచాడు. "హా."

బాలన్న ముక్కు దగ్గరగా పెట్టి పీల్చాడు. "ఇంకొక్కసారి."

"హా."

లోపల పిల్లలు కిలకిలా నవ్వారు. వెనక సీటులోంచి ఎవరో "హా" అన్నారు, తర్వాత వ్యాను మొత్తం "హా" అంది. బాలన్న గేటు తీశాడు. యూసుఫ్ దిగి, రోడ్డు మీద అరచెయ్యి నిలబెట్టి పిల్లలను ఒక్కొక్కరినే దాటించాడు. అతని చెయ్యి వణకలేదు. క్రాంతి అది చూసి బండి తిప్పుకున్నాడు.

గదికి పోతే మహేందర్ ఫోను.

"క్రాంతీ, ఆ యూసుఫ్ ఫోటో మళ్ళ పెట్టాలె. ఇప్పుడు పక్కా కేసు కదా. అసలు పేరు, అసలు ఊరు. టోపీతోనే పెడుదాం, అందరి నమ్మకముంటది."

"నేను పెట్టనన్నా."

"ఆయనే ఒప్పుకున్నడు! కాయితం ఇచ్చేటప్పుడే అడిగి సంతకం, ఆయన ఫోన్ల ఉన్న పూర ఫోటో తీస్కున్న." మహేందర్ నవ్వాడు. "సరే, నువ్వేం పెట్టనక్కర లేదు, మా ఆఫీసుల పిల్ల ఇందాకనే ఎక్కించింది. ఫోటో పక్క గీత వంకర పోయింది, అదొక్కటి జర సరి చెయ్యి. చూసేటోళ్ళకు బాగుండది."

క్రాంతి పేజీ తెరిచాడు. యూసుఫ్ తెల్ల టోపీతో, తడి కళ్ళతో, స్టీరింగు పట్టుకుని నవ్వుతున్నాడు. అవే మాటలు. అడుగున అదే ముద్ర: నిజమైన ముఖాలు, నిజమైన మాటలు. ఈసారి అబద్ధమని అనడానికి కూడా లేదు. పక్క గీత నిజంగానే వంకరగా ఉంది. ఎవరైనా చూస్తే క్రాంతి పని అనుకుంటారు. అతని చెయ్యి మౌసు మీదికి తనంతట తాను పోయింది. గీత సరి అయింది. అప్పుడు చూసుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సాయంత్రం ఇంటికి పోయేసరికి సహస్ర వసారాలో అప్పడాల కర్ర ఒకటి చంకన పెట్టుకుని నిలబడి ఉంది. వసంతను అప్పటికే పరీక్ష చేసి లోపలికి పంపింది.

"ఆగు నాన్నా. మేడం చెప్పింది. దినాం చూడాలంట."

అతను బూట్లు విప్పడానికి వంగాడు. బిడ్డ మునివేళ్ళ మీద లేచి, ముక్కు అతని ముఖానికి ఆనించింది.

"హా అను."

అతను అనలేదు.

"హా అను నాన్నా, ఒక్కసారి! యూసుఫ్ అంకుల్ అన్నడు గద!"

క్రాంతి బూటు లేసు పట్టుకుని అట్లాగే ఉన్నాడు, పళ్ళు బిగబట్టుకుని. సహస్ర కర్ర కింద పడేసి, పకపకా నవ్వుతూ లోపలికి ఉరికింది.

"అమ్మా! నాన్న నోరు తెరుస్తలేడు!"